కాంట్రాక్ట్ ముగిసింది, బ్రాడ్‌బ్యాండ్ బిల్లు 31 నుంచి 46 పౌండ్లయింది: ఇప్పుడేం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బ్రిటన్‌లోని లీడ్స్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆగస్టులో 18 నెలల కాంట్రాక్ట్ మీద నెలకు 28 పౌండ్లకు బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్నారు. తర్వాతి ఏప్రిల్‌లో అది 31 అయింది. ఈ జనవరితో 18 నెలలూ పూర్తయ్యాయి, ఫిబ్రవరి బిల్లు ఏకంగా 46 వచ్చింది. "ఒక్క మాటైనా చెప్పకుండా పెంచేశారు, ఇది మోసం కాదా? డైరెక్ట్ డెబిట్ ఆపేస్తే దారికొస్తారా? వేసవిలో ఇల్లు మారతామేమో, అదొక టెన్షన్" అన్నారు.

మిగతావన్నీ తర్వాత. డైరెక్ట్ డెబిట్ మాత్రం ఆపకండి. బ్యాంకు యాప్‌లో దాన్ని తీసేసినంత మాత్రాన కాంట్రాక్ట్ రద్దు కాదు. కంపెనీ లెక్కల్లో మీరు డబ్బు కట్టని కస్టమర్ అవుతారు, అంతే. కట్టని బిల్లు క్రెడిట్ రికార్డులోకి ఎక్కుతుంది, డిఫాల్ట్‌గా నమోదైతే ఆరేళ్ళు అక్కడే కూర్చుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ దేశంలో క్రెడిట్ చరిత్రే అంతంతమాత్రం. రేపు ఇంటి లోనుకు వెళ్ళినప్పుడు పదిహేను పౌండ్ల కోపానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. బ్రిటన్‌లో ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ రిటెన్షన్స్ టీమ్‌లో, అంటే వెళ్ళిపోతామన్న కస్టమర్లను ఆపే విభాగంలో, ఆరేళ్ళు పనిచేశాను. డెబిట్ ఆపేసి గెలిచినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

ఇక మోసమా అంటే, చట్టప్రకారం కాదు. మీరు చూసిన రెండు పెంపులూ ఒక జాతివి కావు. వాటిని కలిపి చూడటం వల్లే గందరగోళం.

28 నుంచి 31కి పెరిగింది కాంట్రాక్ట్ నడుస్తుండగా జరిగే వార్షిక పెంపు. ఒకప్పుడు ఇది ద్రవ్యోల్బణంతో ముడిపడి ఉండేది. ద్రవ్యోల్బణానికి మరో 3.9 శాతం కలిపి పెంచుతామని సంతకాల రోజునే రాసేవాళ్ళు. 2022 డిసెంబర్ ద్రవ్యోల్బణం 10.5 శాతం కావడంతో 2023 వసంతంలో బీటీ అనే పెద్ద కంపెనీ కస్టమర్లకు ఒకేసారి 14.4 శాతం పెరిగింది. ఆ నెలల్లో మా ఫోన్లు పెట్టేస్తే చాలు మళ్ళీ మోగేవి. చివరికి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఆ పద్ధతిని ఆపించింది. 2025 జనవరి 17 నుంచి చేసుకునే కొత్త కాంట్రాక్టుల్లో పెంపు ఎంతో, ఏ నెలలోనో పౌండ్లు, పెన్నీల్లో ముందే చెప్పాలి. మీ 3 పౌండ్ల పెంపు కూడా అలా అంకెలో ముందే చెప్పినదే అయ్యుండాలి. కొనేటప్పుడు మీకిచ్చిన కాంట్రాక్ట్ సమ్మరీలో ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. అందులో లేని పెంపును నడి కాంట్రాక్ట్‌లో రుద్దితే, నోటీసు అందిన నెల రోజుల్లోపు జరిమానా లేకుండా బయటపడే హక్కు మీకుండేది. మీ విషయంలో ఆ అవకాశం ఉన్నట్టు లేదు.

31 నుంచి 46కి వెళ్ళడం వేరే కథ. కంపెనీ దృష్టిలో ఆ లైను అసలు ధర ముందునుంచీ నలభై పైమాటే. మీకు 18 నెలలపాటు డిస్కౌంట్ ఇచ్చారు, ఆ డిస్కౌంట్ ముగిసింది. మనకు ప్రీపెయిడ్ అలవాటు. గడువు అయిపోతే లైను ఆగిపోతుంది, కావాలంటే మళ్ళీ రీఛార్జ్ చేస్తాం. ఇక్కడ కాంట్రాక్ట్ గడువు ముగిస్తే లైను ఆగదు. నెలనెలా తనంతట తాను సాగుతూనే ఉంటుంది, కాకపోతే ఖరీదైన రేటుకు. ఆగిపోతే మనం మేలుకుంటాం కదా, ఆగకపోవడంలోనే ఉంది కిటుకు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏప్రిల్ వస్తోంది. కాంట్రాక్ట్ ముగిసినవాళ్ళకు వార్షిక పెంపు వర్తించదనుకుంటారు చాలామంది. సాధారణంగా వాళ్ళకూ వర్తిస్తుంది. అంటే ఊరుకుంటే ఈ 46 కూడా నిలవదు.

"ఒక్క మాటైనా చెప్పలేదు" అన్నారే, అక్కడ మాత్రం కాస్త ఆగుదాం. 2020 ఫిబ్రవరి 15 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. కాంట్రాక్ట్ ముగియడానికి 10 నుంచి 40 రోజుల ముందు కంపెనీ మీకు తెలియజేయాలి. గడువు ఏ రోజుతో ముగుస్తుంది, ఇప్పుడెంత కడుతున్నారు, తర్వాత ఎంతవుతుంది, వెళ్ళాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, వాళ్ళ దగ్గరున్న మంచి ఆఫర్లేమిటి అన్నవన్నీ అందులో ఉండాలి. కొత్తగా చేరేవాళ్ళకు ఎంతకిస్తున్నారో కూడా చెప్పి తీరాలి. కాబట్టి మీ మెయిల్‌లో, స్పామ్‌లో, ఎస్సెమ్మెస్‌లలో, కంపెనీ యాప్‌లోని మెసేజ్‌లలో డిసెంబర్, జనవరి నెలలు వెతకండి. నా అనుభవంలో పదింట తొమ్మిదిసార్లు అది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఎక్కువగా దొరికే చోటు, కనెక్షన్ తీసుకునేటప్పుడు ఇచ్చి ఆనక ఎన్నడూ తెరవని పాత మెయిల్ ఐడీ.

నిజంగానే రాలేదనుకోండి, అప్పుడు మీ చేతిలో బలమైన ఫిర్యాదు ఉంది. ఫోన్‌లో వాదించకుండా రాతపూర్వకంగా, "ఇది అధికారిక ఫిర్యాదు" అని స్పష్టంగా రాసి పంపండి. గడువు ముగిశాక అదనంగా వసూలు చేసిన మొత్తం వెనక్కివ్వమని అడగండి. ఆఫ్‌కామ్ ఒక్కొక్కరి తగాదా తీర్చదు, అక్కడికి రాసి ఎదురుచూసి లాభం లేదు. కంపెనీ తేల్చకపోతే వెళ్ళాల్సింది వాళ్ళు సభ్యులుగా ఉన్న మధ్యవర్తి సంస్థకు, అంటే కమ్యూనికేషన్స్ ఆంబుడ్స్‌మన్‌కో, సీసాస్‌కో. ఏది వర్తిస్తుందో కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల పేజీలో రాసి ఉంటుంది. మనకు ఖర్చేమీ ఉండదు. ఒక నెల 15 పౌండ్ల కోసం అంత దూరం వెళ్ళాలా అంటే, నేనైతే ముందు ఒక్క ఫిర్యాదుతో సరిపెట్టుకుని, నా శక్తి అంతా కొత్త ధర మీద పెడతాను. ఏడాది తర్వాత గమనించినవాళ్ళయితే మాత్రం తప్పకుండా వెళ్ళాలి.

కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు, కొత్త కస్టమర్‌కు 28, పాతవాడికి 46 ఏమిటని మీకు ఒళ్ళు మండటం సహజమే. ఈ మంట మీ ఒక్కరిదీ కాదు. 2018లో సిటిజన్స్ అడ్వైస్ సంస్థ దీనిమీద పోటీ వ్యవహారాల సంస్థకు ప్రత్యేక ఫిర్యాదు చేసింది. బ్రాడ్‌బ్యాండ్, మొబైల్, ఇంటి బీమా, ఇంటి లోన్లు, పొదుపు ఖాతాలు, ఈ ఐదింటిలో పాత కస్టమర్లు కట్టే అదనపు సొమ్ము ఏడాదికి సుమారు 400 కోట్ల పౌండ్లని లెక్క తేలింది. తర్వాత ఇంటి బీమాలో, కారు బీమాలో పాతవాళ్ళకు కొత్తవాళ్ళకన్నా ఎక్కువ వేయకూడదని 2022 జనవరి 1 నుంచి నిషేధం వచ్చింది. బ్రాడ్‌బ్యాండ్‌కు అలాంటి నిషేధం రాలేదు. ముందే చెప్పండి, ఏడాదికొకసారి గుర్తుచేయండి అన్న నిబంధనలతో సరిపెట్టారు. కంపెనీల వాదన మాకూ శిక్షణలో నూరిపోసేవాళ్ళు. రౌటర్ ఖర్చు, ఇంజనీర్ ఖర్చు, పోలిక వెబ్‌సైట్లకిచ్చే కమిషన్ అన్నీ మొదట్లోనే పడతాయి, వాటిని తర్వాత రాబట్టుకోవాలి అని. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ ఖర్చు 18 నెలల్లో తీరిపోయిన కస్టమర్ దగ్గరే ఎక్కువ గుంజడానికి అది సమాధానం కాదని అప్పుడూ అనిపించేది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అయితే అలిగి లాభం లేదు. మీకు ఇప్పుడొక బలం ఉంది, కంపెనీ దాన్ని గుర్తుచేయాలని కోరుకోదు. మినిమమ్ టర్మ్, అంటే కాంట్రాక్ట్ కనీస గడువు, ముగిసిన రోజునుంచి మీరు స్వేచ్ఛాజీవి. ఒక్క పెన్నీ జరిమానా లేకుండా ఎప్పుడైనా వెళ్ళొచ్చు. జనవరి దాకా ఈ బలం లేదు. ఈ నెలలో ఉంది. మళ్ళీ సంతకం పెట్టిన రోజున పోతుంది.

వెళ్ళడం కూడా ఇప్పుడు ఒకప్పటంత యాతన కాదు. 2024 సెప్టెంబర్ 12 నుంచి వన్ టచ్ స్విచ్ అన్న పద్ధతి వచ్చింది. కొత్త కంపెనీతో మాట్లాడితే చాలు, పాతదానికి మీరు ఫోన్ చేయనక్కర్లేదు. అంతకుముందు ఓపెన్‌రీచ్ (బీటీ గ్రూపుకు చెందిన, చాలా కంపెనీలు వాడుకునే నెట్‌వర్క్) లైన్ల మీద నడిచే కంపెనీల మధ్య మారడం ఒకరకం, వర్జిన్ మీడియా లాంటి సొంత నెట్‌వర్క్‌కు మారడం మరోరకం. ఇప్పుడు అన్నిటికీ ఒకటే దారి. మారే తేదీ తర్వాత నోటీసు కాలానికంటూ పాత కంపెనీ డబ్బు అడగకూడదు. మీరు మారాలనుకోగానే పాత కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. అది మాత్రం పూర్తిగా చదవండి. ఎగ్జిట్ ఛార్జీ (గడువుకు ముందే వెళ్తే వేసే జరిమానా) ఏమైనా ఉందా, అదే అకౌంట్ మీద ఉన్న టీవీ, మొబైల్ ఏమవుతాయి అన్నవి అందులో ఉంటాయి. వన్ టచ్ స్విచ్ మార్చేది బ్రాడ్‌బ్యాండ్‌ను, ల్యాండ్‌లైన్‌ను మాత్రమే. టీవీ ప్యాకేజీ ఉంటే దాన్ని విడిగా రద్దు చేసుకోవాలి. ల్యాండ్‌లైన్ నంబర్ ఉంచుకోవాలనుకుంటే ముందే పాతది రద్దు చేసేయకండి, నంబర్ పోతుంది.

మనవాళ్ళకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కుంది, మా టీమ్‌లో దాన్ని విప్పిపెట్టే తెలుగు మనిషిని నేనొక్కరినే. పాత అకౌంట్‌ను వెతికి పట్టుకోవడానికి కొత్త కంపెనీ మీ ఇంటిపేరు, చిరునామా పంపుతుంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో, కొందరికి అన్నీ ఒకే గడిలో ఉంటాయి. కనెక్షన్ తీసుకున్నప్పుడు సర్‌నేమ్ అన్నచోట ఏం రాశారో గుర్తుండదు. ఇప్పుడు సరిగ్గా రాస్తే అకౌంట్ దొరకలేదంటుంది. కాబట్టి సరైన పేరు రాయకండి, బిల్లు మీద అచ్చయిన పేరు రాయండి, తప్పుంటే తప్పుతో సహా. అకౌంట్ నంబర్ అడిగితే అదీ ఇవ్వండి. ఇంకో రకం చిక్కు, వెళ్ళిపోయిన రూమ్మేట్ పేరు మీద అకౌంట్ ఉండటం. అప్పుడు ఈ దారిలో మార్చుకోలేరు. ఆ మనిషి చేత రద్దు చేయించి, మీ పేరు మీద కొత్తగా తీసుకోవడమే.

మారకుండా ఉన్నచోటే తగ్గించుకోవాలనుకుంటే? అడగందే అమ్మయినా పెట్టదు. ఫోన్ మెనూలో బిల్లింగ్ నొక్కితే బిల్లు వివరించేవాళ్ళు వస్తారు, తగ్గించే అధికారం వాళ్ళకుండదు. "వెళ్ళిపోవాలనుకుంటున్నారా" అన్న ఆప్షన్ నొక్కండి. ఫోన్ చేసేముందు మీ పోస్ట్‌కోడ్‌కు వచ్చే ఆఫర్లు రెండు చూసి పెట్టుకోండి, కంపెనీ పేరు, వేగం, ధర, నెలలు. "చాలా చోట్ల చవగ్గా ఉంది" అంటే అవతలి మనిషికి పట్టుకోవడానికేమీ దొరకదు. "ఫలానా కంపెనీ ఇదే వేగం 24 నెలలకు 27కి ఇస్తోంది, మీ సైట్‌లోనే కొత్తవాళ్ళకు 28 ఉంది, మీరు ఎంతకివ్వగలరు?" అంటే పని జరుగుతుంది. మాకు స్క్రీన్ మీద ఆఫర్లు మెట్లు మెట్లుగా ఉండేవి. మొదట చెప్పేది చివరి మెట్టు కాదు. రెండోసారి అడిగితే చాలాసార్లు ఇంకోటి దిగేది, మూడోసారి అరుదు. అరిచినవాళ్ళకు ఎక్కువ తగ్గించామన్నది వట్టి అపోహ. తాపీగా, అంకెలతో, వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు మాట్లాడేవాళ్ళే మమ్మల్ని ఇబ్బంది పెట్టేవాళ్ళు.

ఒప్పుకునేముందు ఒకటి అడగండి, "దీనితో కొత్త మినిమమ్ టర్మ్ మొదలవుతుందా, ఎన్ని నెలలు?" అని. దాదాపు ఎప్పుడూ మొదలవుతుంది. 24 నెలలకు మించి కట్టిపడేయడానికి నిబంధనలు ఒప్పుకోవు, కానీ 24 దాకా వెళ్తారు. "ఉచితంగా స్పీడ్ పెంచుతాం" అన్నా అదే జరుగుతుంది, గడియారం మళ్ళీ సున్నా నుంచి తిరుగుతుంది. ఫోన్‌లో తొందరపడి ఒప్పుకున్నా, సాధారణంగా 14 రోజుల్లో వెనక్కి తగ్గే హక్కుంటుంది.

ఇక ధర పోల్చేటప్పుడు నెల అంకె చూసి మోసపోకండి. ఉదాహరణకు ఒకరు 24 నెలలకు 27 అంటున్నారు, ప్రతి ఏప్రిల్‌లోనూ 3 పెంచుతారు. ఇంకొకరు 24 నెలలూ కదలకుండా 30 అంటున్నారు. ఫిబ్రవరి 1న చేరితే మొదటిది రెండు నెలలు 27, తర్వాత పన్నెండు నెలలు 30, మిగిలిన పది నెలలు 33. మొత్తం 744. రెండోది 720. చవగ్గా కనబడ్డది ఖరీదైంది. అదే మొదటిది మేలో తీసుకుంటే పదకొండు నెలలు 27, పన్నెండు నెలలు 30, ఒక్క నెల 33, మొత్తం 690. అదే కాగితం, అదే ధర, చేరిన నెలను బట్టి 54 పౌండ్ల తేడా. ఏప్రిల్‌కు ముందు చేరేవాళ్ళు ఆ పెంపులను ఎక్కువ నెలలు మోస్తారు. కొన్ని కంపెనీలు చేరిన కొత్తలో మొదటి ఏప్రిల్ పెంపు వేయవు, కాబట్టి సమ్మరీలో ఆ వాక్యం వెతకండి. సెటప్ ఫీజు కలపండి, వోచర్ చేతికొచ్చేదాకా లెక్కలో వేయకండి. వోచర్లు చాలావరకు మనమే గుర్తుపెట్టుకుని అడగాలి, ఆ గడువు దాటితే పోయినట్టే.

మీ అసలు ముడి ఇల్లు మారడం. వేసవిలో మారడం ఖాయమైతే ఇప్పుడు 24 నెలలకు సంతకం పెట్టడం తెలివితక్కువ. కొత్త ఇంటికి ఆ కంపెనీ లైను వెళ్ళకపోతే ఎగ్జిట్ ఛార్జీ మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. జూన్ దాకా ఈ రేటుకే ఉంటే ఏప్రిల్ పెంపు కాక నాలుగైదు నెలలకు 60, 75 పౌండ్లు అదనం. అది చేదే, కానీ తెలిసిన నష్టం. దానికన్నా ముందు మీ కంపెనీకి ఫోన్ చేసి, "ఇల్లు మారే ఆలోచన ఉంది, కొత్త టర్మ్ లేకుండా తగ్గించగలరా?" అని అడగండి. కొన్నిసార్లు మూణ్ణెల్ల క్రెడిట్ వేసేవాళ్ళం. లేదంటే నెలవారీ కాంట్రాక్ట్ అమ్మే కంపెనీలు, సిమ్‌తో నడిచే 5జీ రౌటర్లు ఉన్నాయి. ఆ రౌటర్ లైను లేకుండా పనిచేస్తుంది కాబట్టి ఇల్లు మారినా మీతోపాటే వస్తుంది, సిగ్నల్ బాగుంటే.

"మారతామేమో" అన్నది ఇంకా అనుమానంగానే ఉంటే, ఓపెన్‌రీచ్ మీద నడిచే కంపెనీనే ఎంచుకోండి. ఆ లైను దేశంలో ఎక్కువ ఇళ్ళకు వెళ్తుంది. బీటీ, స్కై, టాక్‌టాక్, ప్లస్‌నెట్, వొడాఫోన్ ఇలాంటివే. వర్జిన్ మీడియాకూ, ఒక్కో ఊళ్ళో మాత్రమే ఉండే చిన్న ఫైబర్ కంపెనీలకూ ధర బాగున్నా, పక్క పోస్ట్‌కోడ్‌కు వెళ్తే అవి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మీరు చూస్తున్న ప్రాంతాల పోస్ట్‌కోడ్‌లు ఆఫ్‌కామ్ కవరేజ్ చెకర్‌లో వేసి చూసుకోండి, రెండు నిమిషాల పని.

యూనివర్సల్ క్రెడిట్, పెన్షన్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయాలు వచ్చేవాళ్ళకు సోషల్ టారిఫ్ అని చవక ప్లాన్లున్నాయి. వీసా మీద ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఆ సాయాలే రావు కాబట్టి వర్తించదు. కానీ ఇక్కడే స్థిరపడిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చెవిన వేయండి.

మారాక పాత రౌటర్ పారేయకండి. వెనక్కి పంపకపోతే ఛార్జీ వేస్తారు. పంపినప్పుడు పోస్టాఫీసు రసీదు ఫొటో తీసుకోండి. చివరి బిల్లులో ముందుగా కట్టిన రోజుల డబ్బు తిరిగి రావాలి, అది వచ్చాకే డైరెక్ట్ డెబిట్ తీసేయండి.

మీరేదో అజాగ్రత్తగా ఉన్నారని అనడం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ బిల్లులు తగ్గించిన నేనే, వేరే కంపెనీ నుంచి తీసుకున్న నా ఇంటి లైనుకు టర్మ్ ముగిశాక 14 నెలలు పెద్ద రేటు కట్టాను. నెలకు 12 చొప్పున 168 పౌండ్లు. మెయిల్ వచ్చింది కూడా, "తర్వాత చూద్దాం" అని నక్షత్రం గుర్తు పెట్టుకున్నాను. అప్పటినుంచి సంతకం పెట్టిన రోజునే ఫోన్ క్యాలెండర్‌లో ముగిసే తేదీకి ఆరువారాల ముందు అలారం పెడుతున్నాను.

మీ పోస్ట్‌కోడ్ మొదటి సగం, ఇప్పటి వేగం, కావాల్సిన వేగం రాయండి. పూర్తి పోస్ట్‌కోడ్, అకౌంట్ నంబర్ ఇక్కడ పెట్టొద్దు. ఇంట్లో ఇద్దరు వర్క్ ఫ్రమ్ హోమ్ చేసినా మీకు 500 ఎంబీపీఎస్ వేగం అవసరమని నేననుకోను, అక్కడే ఇంకో నాలుగైదు పౌండ్లు తగ్గొచ్చు.